ఉగ్గాని మరక

మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్లు, వాడి ఎలుగుబంటికి రెండేళ్లు. మంత్రాలయంలో ఒక గురువారం రాయరు దర్శనం అయ్యాక, మఠం దారిలో బొమ్మల అంగళ్ల ముందు నిలబడి, పట్టుబట్టి కొనిపించుకున్నాడు. తెల్లటి బొచ్చు, నల్లటి ప్లాస్టిక్ కళ్లు, కడుపు నిండా దూది. అది పక్కన లేకపోతే వాడు నిద్రపోడు. ఆదోనిలో వాళ్లింట్లో పొద్దున ఉగ్గాని చేస్తే మొదటి ముద్ద దాని మూతికి పెట్టి తర్వాతే తను తింటాడు. మరక అట్లా వచ్చిందే. బొరుగులకు పట్టిన పసుపూ నూనే కలిసి, ఎలుగు మూతి చుట్టూ అరచేయంత పచ్చగా పేరుకుపోయింది. మా చెల్లెలు సబ్బు పెట్టి రుద్దితే మరక కాసేపు ఎర్రబడిందట, నీళ్లు పోస్తే మళ్లీ పసుప్పచ్చ.

"అక్కా, నాయన పక్కన కూర్చుని రంగులన్నీ నేర్చుకున్నదానివి. దీన్ని నీలం చేసి పెట్టు. మరకా కనపడదు, వానికీ నీలమంటే ప్రాణం" అని బొమ్మను ఎమ్మిగనూరుకు పంపించింది.

నేను చేసిన మొదటి పనే తప్పు. నూలుకు వేసే డైరెక్ట్ రంగు ఇంట్లో ఉంది. ఉప్పు కలిపి, నీళ్లు బాగా వేడిచేసి, బొమ్మను ముంచి ముక్కాలు గంట తిప్పాను. గిన్నెలో ఉన్నంతసేపూ చక్కటి నీలంగా కనపడింది. కొళాయి కింద పెట్టగానే రంగంతా నీళ్ల వెంట పోయింది. నాలుగో నీటికి ఎలుగు మళ్లీ తెల్లగా, మూతి మళ్లీ పచ్చగా తేలింది. ఒక్కచోట మాత్రం రంగు నిలిచింది. పోయినేడాది వీపు మీద కుట్టు ఊడితే మా చెల్లెలు నూలుదారంతో చేతికుట్టు వేసింది. ఆ పది పన్నెండు కుట్లు ముదురు నీలమైపోయి, తెల్లటి వీపు మీద కలంతో గీత గీసినట్టు కనిపిస్తున్నాయి.

ఆ నీలం కుట్టును చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఒకే గిన్నె, ఒకే రంగు, అదే ఉప్పు. నూలు తాగింది, బొచ్చు ఉమ్మేసింది. అది సరే, పోగులు వేరు కాబట్టి అనుకోవచ్చు. కానీ ముక్కాలు గంట వేడినీళ్లలో నానినా నా రంగు అంటని చోట, చల్లారిన ఉగ్గానిలోని పసుపు అంత గట్టిగా ఎట్లా పట్టింది? ఆ వారమంతా నా తలలో తిరిగింది ఆ ప్రశ్నే.

మా ఊళ్లో రంగంటే నూలు రంగే. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు ఎమ్మిగనూరు. చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి, ఆ పత్తికి ఆదోని మార్కెట్ యార్డు. ఇక్కడి పిల్లలకు పడుగు, పేక అన్న మాటలు అ ఆలతో పాటే వస్తాయి. మా నాయన నేసేవాడు కాదు, నేసేవాళ్లకు నూలు చిలపలకు రంగు వేసి ఇచ్చేవాడు. ఇంటి వెనక మూడు తొట్లు ఉండేవి. వ్యాట్ నీలం తొట్టిలోంచి చిలపను తీసినప్పుడు అది నీలంగా ఉండదు, పసరు పచ్చగా ఉంటుంది. నాయన దాన్ని పిండి, కర్రకు తగిలించి, రెండు చేతులతో విదిలించేవాడు. గాలి తగిలిన మేర పచ్చదనం విరిగి నీలం ఎక్కుతూ వచ్చేది. పై పోగులు ముందు, లోపలివి తర్వాత. చిలపను తిప్పి తిప్పి గాలికి చూపించకపోతే లోపల మచ్చలు పడతాయి. నేను ఎన్నిసార్లు చూసినా, కళ్ల ముందే రంగు పుట్టడం ఎప్పటికీ పాతబడలేదు.

నాయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరు నూలు తెచ్చినా, ఎంత నమ్మకస్తుడు తెచ్చినా, ఒక పోగు తెంపి దీపం దగ్గర కాల్చి చూసేవాడు. "రంగు సంగతి మళ్లా మాట్లాడదాం, ముందు దీనిదేం జాతో చూడనీ" అనేవాడు. నూలైతే కాగితం కాలిన వాసన, వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే బూడిద. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. కల్తీ పోగైతే చివర గట్టి ముడి కట్టేది. పాలిస్టరు కలిసిన నూలుకు నూలు రంగు వేస్తే గుడ్డ మీద తెల్లతెల్లటి నలుసులు తేలతాయి, ఆ మాట వచ్చేది రంగు వేసినవాడికే. తుంగభద్ర అవతల గద్వాల చీరనే చూడండి, ఒళ్లు నూలు, అంచు పట్టు. కట్టుకున్నవాళ్లకు అది ఒక్క చీర, రంగు వేసేవాడికి రెండు వేరువేరు వంటలు. అంతా తెలిసిన ఇంట్లో పుట్టి, ఎలుగు చేతికి రాగానే నేను పోగును అడగకుండా నేరుగా గిన్నె పొయ్యి మీద పెట్టాను. అది మెత్తటి బొమ్మ కదా అనుకున్నానే తప్ప, అదీ ఒక గుడ్డే అన్న ధ్యాస నాకు రాలేదు.

మర్నాడు ఆ కాల్చి చూసే పని చేశాను. ఎలుగు వీపు కుట్టు ఒక కొసన కాస్త విప్పి, లోపలి అంచు నుంచి చిటికెడు బొచ్చు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి దగ్గరకు తెచ్చాను. పక్కన నీళ్ల పళ్లెం, పిల్లలెవరూ లేని వేళ. మంట తగలకముందే పోగులు వెనక్కి ముడుచుకున్నాయి. తర్వాత కరిగి, నల్లటి పొగ వదిలి, కొంచెం తీపి కలిసిన వాసన వేసి, చివర గింజలాగా గట్టిపడ్డాయి. చల్లారాక గోటితో నొక్కితే పగల్లేదు. పాలిస్టరు. మెత్తటి బొమ్మల బొచ్చులో ఎక్కువగా కనపడేవి పాలిస్టరు, ఆక్రిలిక్. ఆక్రిలిక్ అయితే ఇట్లా నెమ్మదిగా కరగదు, చిటపటమంటూ భగ్గున అంటుకుని, ఘాటు వాసనతో, వంకరటింకర నల్లముద్దగా మిగులుతుంది, నలిపితే పెళుసుగా విరుగుతుంది. నైలాన్ గింజ నల్లగా ఉండదు, బూడిదరంగులో ఉంటుంది.

ఈ తేడా తెలియకుండా రంగు కొనడం దండగ. ఆక్రిలిక్ పోగులో రుణ విద్యుదావేశం ఉన్న చోట్లుంటాయి కాబట్టి దానికి ధనావేశం ఉన్న బేసిక్ రంగులు కావాలి. వాటినే కేటయానిక్ రంగులంటారు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ క్వినైన్ తయారు చేయబోయి కనిపెట్టిన ఊదా రంగు ఆ జాతిదే. పట్టు మీద ఎండకు వెలిసిపోయే ఆ జాతి రంగులు, దాదాపు వందేళ్ల తర్వాత ఆక్రిలిక్ వచ్చాక దాని మీద గట్టిగా నిలిచాయి. తనకు తగిన పోగు కోసం రంగు ఒక శతాబ్దం ఎదురుచూసిందన్నమాట. నైలాన్‌కు పట్టుకూ ఉన్నికీ వేసే యాసిడ్ రంగులే సరిపోతాయి. పాలీప్రొపిలీన్ అనేది ఇంకొకటుంది, దానికి ఇంట్లో వేసే ఏ రంగూ పట్టదు, పోగు తీసేటప్పుడే రంగు కలిపేస్తారు.

పాలిస్టరు సంగతి వేరు. దాని మీద ఆవేశం లేదు, నీళ్లంటే పడదు. నూలు నీళ్లలో ఉబ్బి దారి ఇస్తుంది, రంగు నీళ్లతో పాటు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. పాలిస్టరు పోగు నీళ్లలో మునిగినా తలుపు తీయదు. ఇటువంటి చిక్కే 1920లలో ఎసిటేట్ పట్టు బజారులోకి వచ్చినప్పుడు ఎదురైంది. అప్పటికున్న ఏ రంగూ దానికి సరిగ్గా అంటలేదు. నీళ్లలో కరిగే రంగులను పక్కనపెట్టి, కరగని రంగునే మెత్తగా నూరి, నీళ్లలో చెదిరి తేలేట్టు చేసి వేసి చూశారు. పట్టింది. అవే డిస్పర్స్ రంగులు. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలిస్టరు పోగు తీసేనాటికి దానికి పనికొచ్చే రంగు ఆసరికే తయారుగా ఉంది. పాలిస్టరు డెబ్బై, ఎనభై డిగ్రీలు దాటాక లోపల వదులవడం మొదలుపెడుతుంది. మిల్లుల్లో మూత బిగించిన యంత్రాల్లో 130 డిగ్రీల దాకా తీసుకుపోతారు. ఆ వేడిలో నీళ్లంటే ఇష్టంలేని రంగు, నీళ్లంటే ఇష్టంలేని పోగులోకి చేరి, ఉప్పు నీళ్లలో కరిగినట్టు అందులో కరిగిపోతుంది. చల్లారితే తలుపు మూసుకుంటుంది.

ఈ రంగుల గురించి చదువుతున్నప్పుడు నాకు మా పాత టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కసారి పప్పు పెడితే చాలు, ఎంత తోమినా పోని పచ్చదనం పట్టుకుంటుంది. స్టీలు డబ్బాకు ఆ గొడవ ఉండదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ చిన్న అణువు, దానికి ఆవేశం లేదు, నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. అంటే అది స్వభావానికి డిస్పర్స్ రంగే. పాలిస్టరుకు పసుపుతో రంగు వేయొచ్చని ప్రయోగశాలల్లో చేసి చూశారు కూడా. వాడు ఎలుగుకు పెట్టిన ముద్దలో నూనె ఉంది, నూనెలో పసుపు ఉంది. నేను నూలు రంగుతో తంటాలు పడుతుంటే, ఆ పిల్లాడు తెలియకుండానే ఆ పోగుకు సరైన జాతి రంగు వేసి కూర్చున్నాడు.

ఇక నాకు ఆగబుద్ధి కాలేదు. డిస్పర్స్ నీలం కొంచెం తెప్పించాను. ఎలుగు మీద కాదు, మా అమ్మాయి చిన్నప్పటి కుందేలు ఒకటి చెవులూడి అటక మీద పడుంది, దాని తోలు మీద చూద్దామనుకున్నాను. ముందు కాల్చాను, అదీ పాలిస్టరే. దూదంతా తీసేశాను. దూదితో సహా ముంచితే రంగు సమంగా అందదు, లోపల తడి రోజుల తరబడి ఆరక ముక్క వాసన వస్తుంది. కళ్లు పీకేశాను. వంటకు వాడని పాత గిన్నె తీసుకున్నాను. కుక్కరులో అయితే 120 డిగ్రీల దాకా వస్తుందన్న ఆలోచన రాకపోలేదు. కానీ అన్నం వండే పాత్రలో రంగు పెట్టడం మా ఇంట్లో ఎన్నడూ లేదు, ఇప్పుడూ వద్దనుకున్నాను. నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి, రంగు కలిపి, తెర్లే నీళ్లలో గంట సేపు తిప్పుతూ ఉంచాను. డిస్పర్స్ రంగుల్లోనూ తేడాలున్నాయి. చిన్న అణువులున్నవి నూరు డిగ్రీలకే లోపలికి పోతాయి, పెద్దవాటికి 130 కావాలి. నేను తెచ్చింది మొదటి రకం.

పట్టింది. ఆకాశంలా కాకపోయినా, ఉతికి ఉతికి మెత్తబడ్డ నీలం చొక్కాలా వచ్చింది. బొచ్చు మాత్రం నిగనిగ పోయి, అక్కడక్కడ ఉండలు కట్టింది. తడి మీదే దువ్వెనతో దువ్వితే కొంత లేచింది, కొత్తదానిలా కాలేదు.

పిల్లల బొమ్మ కాబట్టి పని అక్కడితో అయిపోదు. తడి తెల్లగుడ్డతో ఆ తోలును ఇరవైసార్లు రుద్దాను. గుడ్డకు నీలం అంటింది. పోగు లోపలికి పోని రంగు పైనే పేరుకుని ఉందన్నమాట. మిల్లుల్లో దీనికి చేసే పని చదివి నాకు ఒళ్లు జలదరించింది. హైడ్రోస్, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో ముంచి తీస్తారు. ఆ రెండూ నాయన అలమారాలో ఎప్పుడూ ఉండే డబ్బాలు. ఆయన వాటితో వ్యాట్ రంగును కరిగించి నూలులోకి ఎక్కించేవాడు. పాలిస్టరు దగ్గర అవే రెండూ పైన మిగిలిన రంగును విరగ్గొట్టి దింపేస్తాయి. ఒకచోట ఎక్కించేవి ఇంకోచోట దించుతాయి. చేతికి తొడుగులు వేసుకుని, తలుపులన్నీ తీసి, నాయన కొలతలకంటే పలచగా కలిపి అదీ చేశాను. కడిగి మళ్లీ రుద్దాను. గుడ్డ తెల్లగా ఉంది.

అక్కడ ఆపేసి ఎలుగును పొయ్యి మీద పెట్టేదాన్నే. కానీ మా చెల్లెలింట్లో రాత్రి పడుకునేటప్పుడు ఆ పిల్లాడు ఎట్లా ఉంటాడో నాకు తెలుసు. తల నిండా కొబ్బరినూనె. ఆ తలను ఎలుగు కడుపు మీద పెట్టి, దాని చెవిని నోట్లో పెట్టుకుని నిద్రపోతాడు. వేలికి కొబ్బరినూనె రాసుకుని కుందేలు తోలును గట్టిగా రుద్దాను. తెల్లగుడ్డకు తుడిచాను. పలచటి నీలపు చార పడింది.

నీళ్లకు రానిది నూనెకు వచ్చింది. పసుపు ఎట్లా లోపలికి పోయిందో ఈ నీలం అట్లా బయటికి వస్తోంది. మిల్లులో 130 డిగ్రీల దగ్గర లోతుగా దిగిన రంగు ఇంత సులువుగా కదలదు. ఇంటి గిన్నెలో నూరు డిగ్రీలకు త్వరగా ఎక్కే రంగు త్వరగానే దిగే రంగు కూడా. పైగా వదులుగా ఉన్న డిస్పర్స్ రంగులు చెమటకు బయటికొచ్చి కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. డిస్పర్స్ బ్లూ 106, 124 అందుకు పేరుపడ్డవి. రంగు పొట్లం మీద "నీలం" అని మాత్రమే రాసి ఉంటే అందులో ఏ నంబరుందో కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు. నేను కొన్న పొట్లం మీదా అంతే ఉంది.

నాయన కాలంలో ఒక సంగతి జరిగింది. కొన్ని అజో రంగులు విరిగి క్యాన్సర్ తెచ్చే అమైన్లను వదులుతాయని 1994లో జర్మనీ, 1997లో మన దేశం వాటిని నిషేధించాయి. ఆ కబురు తెలిశాక నాయన తన డబ్బాలన్నీ దింపి, ఎదురుగా పెట్టుకుని, కొన్నింటిని మళ్లీ అలమారా ఎక్కించలేదు. వాటిలో ఒక ఎరుపు ఆయనకు చాలా ఇష్టమైనది, ఆ ఎరుపు వేసిన అంచులను చూపించి మురిసిపోయేవాడు. దానికి బదులు తెచ్చిన ఇంకో ఎరుపు ఆయనకు చివరిదాకా నచ్చలేదు. అయినా పాత డబ్బా తీయలేదు. దుప్పటి కప్పుకునే మనిషి కోసం ఆయన వదులుకున్న రంగు గుర్తొచ్చాక, చెవి నోట్లో పెట్టుకునే పిల్లాడి కోసం నేను ఒక నీలం వదులుకోలేనా అనిపించింది.

అలమారాలో అలంకారానికి పెట్టే బొమ్మయితే నేను రంగు వేస్తాను, వేసుకొమ్మని చెబుతాను. పోగు కాల్చి చూసి, దానికి తగిన జాతి రంగు నంబరుతో సహా తెలుసుకుని కొని, దూది తీసి, లేత నుంచి ముదురుకే తప్ప ముదురు నుంచి లేతకు ఆశపడకుండా వేయండి. పిల్లలు పక్కలో వేసుకునే బొమ్మ మాత్రం వద్దు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. జాతరలో, గుడి దారిలో బేరమాడే తొందరలో ఆ గుర్తు కోసం వెతికేవాళ్లు తక్కువ, నేనూ ఆ రోజు మా చెల్లెలి పక్కనే ఉండి వెతకలేదు.

మరి మరక? పసుపుకున్న పెద్ద బలహీనత ఎండ. కర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. పట్టుబట్టల మీద పసుపు పడితే మా అవ్వ సబ్బు ముట్టనిచ్చేది కాదు, తడిపి ఎండలో వేయమనేది. ఎలుగు మూతిని ముందు సబ్బునీళ్లతో తుడిచి నూనె తీసేశాను, తర్వాత తడిపి మిద్దె మీద ఎండకు పెట్టాను. మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదటిరోజు సాయంత్రానికి పచ్చ లేతబడింది. రెండో రోజు నిమ్మపండు రంగయింది. నాలుగో రోజు, మరక ఎక్కడుండేదో తెలిసిన నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

పిల్లాడికి నీలమంటే ప్రాణం కాబట్టి, నాయన రంగు వేసిన నూలుతో నేసిన పాత తువ్వాలు ముక్కతో ఎలుగుకు చేతులులేని చొక్కా కుట్టాను. పోయిన ఆదివారం ఆదోని వెళ్లి ఇచ్చాను. వాడు చొక్కా చూశాడు, దాన్ని విప్పేసి, ఎలుగును బోర్లా తిప్పి వీపు మీద నీలం కుట్టును వేలితో తడుముతూ కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఇది ఒక్కటే ఎందుకు నీలమైంది?" అని అడిగాడు. అది నూలు నాన్నా అని చెప్పి, వాడి చొక్కా అంచు నుంచి ఒక దారం లాగి చూపించాను. అయితే మిగతాదంతా ఏంటని అడిగాడు. వాళ్లమ్మ ఉగ్గాని పెట్టి పిలిచేదాకా మేమిద్దరం ఆ సంగతే మాట్లాడుకున్నాం.

నాయన రంగుల పుస్తకం నా దగ్గరే ఉంది. ప్రతి పేజీలో ఎడమవైపు రంగు వేసిన నూలు కుచ్చు ఒకటి అంటించి, కుడివైపు రంగు, కాస్టిక్, హైడ్రోస్ పాళ్లు, ఎంతసేపు, ఏ వేడిలో అని పెన్సిలుతో రాసి ఉంటుంది. చివర్లో పద్నాలుగు పేజీలు ఖాళీగా మిగిలిపోయాయి. నిన్న రాత్రి మొదటి ఖాళీ పేజీలో కుందేలు బొచ్చు చిటికెడు అంటించి, పాళ్లు రాసి, కింద ఇంకో వరుస చేర్చాను: నీళ్లకు దిగలేదు, కొబ్బరినూనెకు దిగింది.